‘అది ఏకే కాపీలే’ అని కొట్టిపారేసేముందు

వియత్నాం సైనిక కవాతు ఫొటో ఒకటి మనవాళ్ళ ముందు పెడితే వచ్చే మాటలు రెండే. "అన్నీ ఏకే 47లేగా" అన్నది ఒకటి. కాస్త తెలిసినవాళ్ళయితే "ఇజ్రాయెల్ తుపాకీని మక్కీకి మక్కీ దించేశారు" అన్నది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజంతోనే వచ్చింది చిక్కు. అది దొరకగానే ఇక చూడ్డం ఆపేస్తాం.

2025లో వియత్నాం రెండు భారీ కవాతులు జరిపింది. ఏప్రిల్ 30న హో చి మిన్ సిటీలో, అంటే పాత సైగాన్‌లో, యుద్ధం ముగిసి 50 ఏళ్ళయిందని ఒకటి. సెప్టెంబరు 2న హనోయ్‌లోని బా దిన్ మైదానంలో, హో చి మిన్ స్వాతంత్య్ర ప్రకటన చదివి 80 ఏళ్ళయిందని ఇంకొకటి. అంతకు ముందు ఏడాది మే 7న దియన్ బియన్ ఫూలో, ఫ్రెంచివాళ్ళను ఓడించి 70 ఏళ్ళయిందని మరొకటి. ఈ మూడింటి ఫొటోలూ వీడియోలూ ముందేసుకుని కూర్చోవడం నాకు ఈమధ్య పట్టుకున్న పిచ్చి. ట్యాంకులు, విమానాలు, క్షిపణుల జోలికి పోను. వాటి గురించి చెప్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. నడిచే సిపాయి చేతిలో ఉన్నదేమిటి, అదెక్కడ పుట్టింది, అతని దాకా ఏ దారిన వచ్చింది అన్నదే నాక్కావలసింది.

ఇదంతా పనిలేని పని అని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. తుపాకుల మీద మోజని కొందరనుకుంటారు. మోజేమీ లేదు. ఒక దేశం ఎవరితో స్నేహం చేసింది, ఎవరితో చెడింది, ఏం కొనుక్కుంది, ఏం చేసుకోవడం నేర్చుకుంది అన్నవన్నీ ఆ దేశపు సిపాయి భుజాన వేలాడుతుంటాయి. చూడగలిగితే చదువుకోవచ్చు. "కాపీ" అనేసి పేజీ తిప్పేస్తే మాత్రం ఏమీ కనపడదు.

నిజానికి తెలుగువాళ్ళకు ఈ కన్ను కొత్తది కాదు. దశాబ్దాలపాటు పొద్దున్నే పేపరు తెరిస్తే ఎన్‌కౌంటర్ వార్త, దాని పక్కన పట్టా మీద వరసగా పేర్చిన ఆయుధాల ఫొటో. త్రీనాట్‌త్రీ, ఎస్సెల్లార్, ఇన్సాస్, ఎనిమిది ఎంఎం, తపంచా. టీకొట్టు దగ్గర పేపరు చదివేవాళ్ళు కూడా ఈ పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు. ఆ ఫొటోల్లో వంకర మ్యాగజైన్ ఉన్నదల్లా ఏకే 47 అయిపోయేది. మన కన్ను అక్కడ ఆగిపోయింది. వియత్నాం కవాతు చూసేటప్పుడు మొదట వదిలించుకోవలసిన అలవాటు ఇదే.

కలాష్నికోవ్ రైఫిల్‌ను, అంటే మనం ఏకే 47 అనేదాన్ని, సోవియట్ సైన్యం 1949లో తీసుకుంది. 1959లో దాన్ని తేలిక చేసి ఏకేఎం అన్నారు. అంతలో చైనా తన దగ్గర టైప్ 56 పేరుతో దాన్నే తయారు చెయ్యడం మొదలుపెట్టింది. అమెరికాతో యుద్ధకాలంలో వియత్నాం చేతికి వచ్చినవాటిలో చైనావి చాలా ఎక్కువ. దూరం నుంచి చూస్తే మూడూ ఒకటే. దగ్గరికి వెళ్తే కాదు.

ఎక్కడ చూడాలో చెప్తాను. నా ముందున్న ఒక ఫొటోలో వరసలో మొదటి అమ్మాయి తుపాకీని ఛాతీకి అడ్డంగా పట్టుకుంది. గొట్టం చివర కొద్దిగా ఇవతల నిలబెట్టినట్టు ఒక చిన్న మొన ఉంటుంది, గురి చూసుకోవడానికి. సోవియట్ ఏకేల్లో ఆ మొనకు రెండు వైపులా రెండు చెవులు ఉంటాయి, పైన తెరిచి ఉంటుంది. ఈ అమ్మాయి చేతిలో ఉన్నదానికి ఆ చెవులు రెండూ పైన కలిసిపోయి ఉంగరమైపోయాయి. ఉంగరం పైన సూది గుచ్చినంత చిల్లు. అది చైనా టైప్ 56 లక్షణం. ఇక మ్యాగజైన్‌కు సరిగ్గా పైన, తుపాకీ ఒంటి మీద, అంటే లోపలి యంత్రాన్ని మూసి ఉంచే పెట్టె లాంటి భాగం మీద చూడాలి. వేలితో నొక్కినట్టు చిన్న పల్లం కనిపిస్తే రేకును అచ్చువేసి చేసిన ఒళ్ళు. అదే పొడుగ్గా, దీర్ఘచతురస్రంగా చెక్కినట్టుంటే ఇనుప దిమ్మను తొలిచి చేసిన పాతకాలపు ఒళ్ళు. టైప్ 56లో రెండు రకాలూ ఉన్నాయి. కాబట్టి ఒళ్ళు ఒక్కటే చూసి దేశం పేరు చెప్పెయ్యకూడదు. ఉంగరాన్నీ పల్లాన్నీ కలిపి చదవాలి.

ఇంత చూసి ఆ ఫొటో గురించి నేను ఒప్పుకునేది ఇంతే: "చైనా తయారీ టైప్ 56, లేదా ఆ భాగాలతో బాగుచేసినది." అంతకు మించి ఏ సంవత్సరం, ఏ కర్మాగారం అని చెప్పాలంటే ఒంటి మీద చెక్కిన అంకెలు కనపడాలి. కవాతు ఫొటోలో అవి కనపడవు. తెలియనిచోట ఆగడం కూడా ఈ పనిలో భాగమే. చాలామందికి ఓపిక చాలనిది అక్కడే. సగం చూసి పూర్తి పేరు పెట్టేస్తారు, తర్వాత ఆ పేరే పదిచోట్లకు పాకిపోతుంది.

ఇప్పుడు వియత్నాం మహిళా దళాల సంగతి. అక్కడి కవాతుల్లో ఎక్కువ ఫొటోలు వచ్చేవి వాళ్ళవే. దక్షిణాది గెరిల్లా మహిళల దళమైతే నల్ల బా బా దుస్తులు (అక్కడి పల్లెవాళ్ళ చొక్కా, పైజమా), మెడలో తెలుపు నలుపు గళ్ళ కండువాతో నడుస్తుంది. ఉత్తరాది కొండ జాతుల మహిళా మిలీషియా తమ తమ వేషాల్లో వస్తుంది. వాళ్ళ చేతుల్లో చెక్క దిమ్మతో సన్నగా పొడుగ్గా ఉన్న రైఫిల్ కనపడితే మనసులో రెండు పేర్లు పెట్టుకోవాలి. ఒకటి సోవియట్ మూలపు ఎస్కేఎస్, రెండోది అమెరికా ఎం1 కార్బైన్ అనే పొట్టి, తేలిక రైఫిల్. తేడా తేలిక. ఎస్కేఎస్‌కు పది తూటాల పెట్టె తుపాకీ పొట్టలోనే కలిసిపోయి ఉంటుంది, కిందికి కొంచెం ఉబ్బుగా కనిపిస్తుంది. గొట్టం కింద మడిచిన బాయినెట్ ఉంటుంది. ఎం1 కార్బైన్‌కు విడిగా ఊడే మ్యాగజైన్ ఉంటుంది, మనిషి చేతిలో చిన్నదిగా, బొమ్మలా ఉంటుంది. బరువు రెండున్నర కిలోల లోపే. ఎస్కేఎస్ నాలుగు కిలోలకు కొంచెం తక్కువ.

ఎస్కేఎస్ అని తేలాక బాయినెట్ చూడాలి. మేకులా, మూడు పలకల సూదిలా ఉంటే దాదాపు చైనాదే. చాకులా బల్లపరుపుగా ఉంటే సోవియట్‌ది కావచ్చు, చైనా మొదట్లో చేసినది కూడా కావచ్చు. అంటే మేకు ఒక జవాబు ఇస్తుంది, చాకు ఇవ్వదు. గుర్తులన్నీ సమానం కావు. కొన్ని గుర్తులు తేలుస్తాయి, కొన్ని అనుమానం మిగులుస్తాయి. ఈ తేడా పట్టుకున్నవాడే అసలు గుర్తుపట్టేవాడని నా లెక్క.

ఎం1 కార్బైన్ వియత్నాంకు చేరిన దారి వింటే ముచ్చటేస్తుంది. దక్షిణ వియత్నాం సైన్యానికి అమెరికా ఇచ్చినవి, తర్వాత ఉత్తరాదివాళ్ళ చేతికి చిక్కినవి చాలా ఉన్నాయన్నది అందరూ ఊహించేదే. అంతకు చాలా ముందే, 1945 జులైలో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ పంపిన చిన్న దళం ఒకటి తాన్ చావ్ అనే అడవి ప్రాంతంలో పారాచూట్లతో దిగింది. దాని పేరు డీర్ టీమ్, నాయకుడు మేజర్ అలిసన్ థామస్. జపాన్‌తో పోరాడటానికి, హో చి మిన్ నడిపిన వియెత్ మిన్ గెరిల్లాలకు వాళ్ళు కార్బైన్లు, థాంప్సన్ సబ్‌మెషిన్ గన్లు ఇచ్చి కాల్చడం నేర్పారు. కాబట్టి వియత్నాం గెరిల్లా చేతిలో అమెరికా కార్బైన్ కనపడగానే "స్వాధీనం చేసుకున్నది" అని రాసెయ్యడానికి వీల్లేదు. కానుకగానూ వచ్చి ఉండొచ్చు.

మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనకవైపు ఉంటే మాత్రం పొరపాటు పడే అవకాశం తక్కువ. వియత్నాం మెరైన్లు పట్టుకునే పొట్టి నల్ల రైఫిల్ ఇజ్రాయెల్ టావోర్. మన దగ్గర మార్కోస్, గరుడ్, పారా దళాల చేతుల్లో చూసిందే, కనుక తెలుగువాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. జాగ్రత్త ఒకటే. చైనా రైఫిల్ క్యూబీజడ్ 95 కూడా ఇదే అమరికలో ఉంటుంది. 2025 కవాతుల్లో చైనా, లావోస్, కంబోడియా దళాలు కూడా నడిచాయి, హనోయ్‌లో రష్యా దళం కూడా. ముందు యూనిఫాం చూసి, తర్వాత తుపాకీ చూడాలి. ఇంకో సంగతి, పోలీసు దళాలు ప్రజాభద్రతా మంత్రిత్వశాఖ కిందివి, సైన్యం రక్షణశాఖ కిందిది. ఆయుధాలు కొనే ఖాతాలు వేరు. కాబట్టి ఒకే వీధిలో ఒకే రోజు నడిచిన రెండు దళాల చేతుల్లో పూర్తిగా వేరే దేశాల సరుకు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక అసలు గొడవకు వద్దాం. ఈ కవాతుల్లో కొత్తగా కనపడుతున్న నల్ల రైఫిల్ ఎస్‌టీవీ. వియత్నాం రైఫిల్ అని దాని పేరు. థాన్ హోవా రాష్ట్రంలో ఉన్న జెడ్ 111 అనే ప్రభుత్వ కర్మాగారం తయారు చేస్తోంది. ఎస్‌టీవీ 215, ఎస్‌టీవీ 380 అని రకాలున్నాయి. ఆ అంకెలు గొట్టం పొడవు, మిల్లీమీటర్లలో. కాబట్టి ఫొటోలో గొట్టం పొట్టిగా, ముందు చెయ్యి దాటగానే ఆగిపోయినట్టుంటే 215, సిపాయి ఛాతీని దాటి బాగా బయటికి పొడుచుకొస్తే 380. ట్రిగ్గర్ చుట్టూ, మ్యాగజైన్ దూరే చోటా ప్లాస్టిక్ ఒళ్ళు. వెనక లాగి సర్దుకునే బట్, అంటే భుజానికి ఆనించుకునే భాగం. మ్యాగజైన్ మాత్రం మనకు బాగా తెలిసిన ఆ వంకరదే. తూటా కూడా పాత ఏకేదే, 7.62×39.

"ఇది ఇజ్రాయెల్ గలిల్ ఏస్ కాపీ" అన్నప్పుడు మనవాళ్ళు చెప్పేది ఈ ఒళ్ళు చూసే. గలిల్ ఏస్‌ను ఇజ్రాయెల్ సంస్థ ఐడబ్ల్యూఐ 2008 ప్రాంతంలో తెచ్చింది. 2010ల మధ్యలో ఆ సంస్థ సాయంతోనే జెడ్ 111లో ఏస్ 31, ఏస్ 32 రకాల తయారీ మొదలైంది. లైసెన్సు కొనుక్కుని, యంత్రాలు పెట్టించుకుని, చెయ్యడం నేర్చుకుని, తర్వాత అందులో తమకు నచ్చినవి ఉంచుకుని నచ్చనివి మార్చుకున్నారు. ఈ పనిని కాపీ అంటే మరి గలిల్‌ను ఏమనాలి?

గలిల్ సంగతి ఏమిటంటే, 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ సిపాయిలు మోసిన ఎఫ్ఏఎల్ రైఫిళ్ళు ఎడారి ఇసుకలో సతాయించాయి. అరబ్బు సైనికుల నుంచి పట్టుకున్న కలాష్నికోవ్‌లు మాత్రం పేచీ పెట్టకుండా పనిచేశాయి. వాళ్ళు కొత్త రైఫిల్ తయారు చేసుకున్నప్పుడు లోపలి పనితనం కలాష్నికోవ్‌దే తీసుకున్నారు. అదీ తిన్నగా రష్యా నుంచి కాదు. ఫిన్లాండ్ కలాష్నికోవ్‌ను తన పద్ధతిలో మార్చి చేసుకున్న రైఫిల్ ఒకటుంది, వాల్మెట్ ఆర్‌కే 62. గలిల్ మొదటి నమూనాలకు ఆ వాల్మెట్ ఒళ్ళే వాడారు. ఆ గలిల్ పెరిగి ఏస్ అయింది. ఏస్ వియత్నాం చేరి, అక్కడి గిడ్డంగుల్లో గుట్టలుగా ఉన్న పాత ఏకే తూటాలకు సరిపోయేలా కుదురుకుని ఎస్‌టీవీ అయింది.

రష్యాలో కలాష్నికోవ్ తయారైన ఇజెవ్‌స్క్‌లో బయలుదేరింది ఫిన్లాండ్, ఇజ్రాయెల్ తిరిగి థాన్ హోవా చేరేసరికి అరవై ఏళ్ళు దాటాయి. పసిపిల్లను చూడ్డానికొచ్చిన చుట్టాలు ముక్కు మేనత్తది, నుదురు తాతది, ఆ మొండితనం మాత్రం వాళ్ళమ్మదే అంటారు చూడండి, ఎస్‌టీవీని అలా చూడాలి. అలా చూసినవాళ్ళెవరూ ఆ పిల్లను మేనత్త కాపీ అనరు.

నా మాటకు అడ్డం చెప్పేవాళ్ళున్నారు. మా బావ ఆర్మీ ఆర్డ్‌నెన్స్‌లో, అంటే ఆయుధాలు, సరుకులు చూసే విభాగంలో చాలా ఏళ్ళు చేసి, సికింద్రాబాద్‌లోనే స్థిరపడ్డాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. "ఏరా, నువ్వు బొమ్మ చూసి చెప్తావు, మేము ఊడదీసి నూనె రాసి చెప్తాం. లోపల బోల్టు తిరిగే తీరు కలాష్నికోవ్‌దే అయినప్పుడు పైన ప్లాస్టిక్ ఎవరిదైతే ఏంటి? ఏకే ఏకేనే." ఆయన మాటలో పస ఉంది. యంత్రంగా చూస్తే ఎస్‌టీవీ ఏకే సంతానమే. బాగుచేసేవాడికి అంతే కావాలి. కానీ కవాతులో దాన్ని చూపించినవాళ్ళు బోల్టు చూపించలేదు. మేమే చేసుకున్నామని చూపించారు. ఆ మాట చెప్పడానికి వాళ్ళకు ఎంత కాలం పట్టిందో తెలియకపోతే ఆ కవాతు సగమే చూసినట్టు.

1944 డిసెంబరు 22న ఉత్తరాన కావ్ బాంగ్ అడవుల్లో, తర్వాత వియత్నాం సేనానిగా పేరుపడ్డ వో న్గుయెన్ జాప్ 34 మందితో ఒక దళం పెట్టాడు. ఇప్పటికీ వియత్నాం సైనిక దినోత్సవం ఆ రోజే. ఆ 34 మంది దగ్గర ఉన్నవి 17 రైఫిళ్ళు, 14 చెకుముకి తుపాకులు, 2 పిస్తోళ్ళు, 1 మెషిన్ గన్. చెకుముకి తుపాకీ అంటే మందు దట్టించి రాయి నిప్పుతో పేల్చేది, మన పల్లెల్లో పందుల్ని కొట్టడానికి వాడిన నాటు తుపాకీకి పెదనాన్న. అక్కడి నుంచి పదేళ్ళకల్లా దియన్ బియన్ ఫూ. లోయలో ఉన్న ఫ్రెంచి ఫిరంగులకు ఎదురుగా కొండల మీద వీళ్ళ ఫిరంగులు.

దొరికినదాన్ని తమకు పనికొచ్చేలా మార్చుకోవడం వాళ్ళకు ఆనాటి నుంచీ ఉన్న విద్య. ఫ్రెంచివాళ్ళ దగ్గర పట్టుకున్న మ్యాట్ 49 సబ్‌మెషిన్ గన్ 9 ఎంఎం తూటాది. ఆ తూటా వాళ్ళకు దొరకదు. సోవియట్, చైనాల నుంచి వచ్చే 7.62×25 పిస్తోలు తూటా దండిగా ఉంది. అందుకని గొట్టం మార్చేసి, తూటా మార్చేసి అదే తుపాకీని ఉత్తరాది దళాలకు ఇచ్చారు. సోవియట్ పీపీఎస్‌హెచ్ నమూనాలో చైనా చేసి పంపిన సబ్‌మెషిన్ గన్‌కు చెక్క బట్ తీసేసి ఆ మ్యాట్ 49 లాంటి తీగ బట్ పెట్టి, గొట్టం మీది తొడుగు కత్తిరించి, బరువు తగ్గించి కే 50ఎం అన్నారు. 1958 ప్రాంతపు సంగతి ఇది. యుద్ధకాలపు ఫొటోల్లో కే 50ఎం కనపడితే చాలామంది ఫ్రెంచిదనుకుంటారు, ఆ తీగ బట్ చూసి. మ్యాగజైన్ వంపు చూస్తే దొరికిపోతుంది. మ్యాట్ 49ది నిటారుగా నిలువుగా ఉంటుంది, దీనిది వంగి ఉంటుంది.

ఎస్‌టీవీలో నాకు కనపడేది ఆ కే 50ఎం బుద్ధే. తేడా ఏమిటంటే అప్పుడు కొలిమి దగ్గర ఆకురాయితో చేసిన పనిని ఇప్పుడు లైసెన్సు కాగితాలతో, కంప్యూటర్ యంత్రాలతో చేస్తున్నారు. తూటా మార్చకపోవడం కూడా అందుకేనని నా ఊహ. అమెరికావాళ్ళు వాడే 5.56 తూటాకు మారి ఉంటే చూడ్డానికి ఆధునికంగా ఉండేది. కానీ దేశమంతా నిండి ఉన్న తూటాలు, మ్యాగజైన్లు, వాటికి అలవాటుపడ్డ లక్షల మంది రిజర్వు సిపాయిలు, తూటా తయారీ కర్మాగారాలు, అన్నీ ఒక్కసారిగా వృథా అయ్యేవి. డబ్బు లెక్క తెలిసినవాడు అలా చెయ్యడు.

5.56 అంటే గుర్తొచ్చింది. 1975లో సైగాన్ పడిపోయినప్పుడు దక్షిణాది సైన్యం వదిలిపోయిన, ఆ తూటానే వాడే అమెరికా ఎం16 రైఫిళ్ళు దాదాపు 7,90,000 అని అమెరికా రక్షణశాఖ అంచనా. ప్రపంచంలో అంత పెద్ద ఎం16 గుట్ట ఒక్కసారిగా అమెరికా శత్రువు చేతిలో పడటం అదే మొదలు. మరి అన్ని ఉండగా కవాతుల్లో ఎం16 ఎందుకు పెద్దగా మెరవదు? పనికిరాక కాదు. అది గెలుచుకున్న సొత్తు, తమ బిడ్డ కాదు. కవాతులో మెరిసేది తమదని చెప్పుకోవాలనుకున్నదే.

ఆ గుట్టలో కొన్నింటి ప్రయాణం ఎక్కడిదాకా వెళ్ళిందో తెలిసిందీ గుర్తుపట్టడం వల్లే. 1980ల మొదట్లో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో తిరుగుబాటుదారుల నుంచి పట్టుకున్న ఎం16ల సీరియల్ నంబర్లు వెతికితే, అవి అమెరికా ఒకప్పుడు వియత్నాంకు పంపినవేనని తేలింది. ఆ నంబర్ల మీద వాషింగ్టన్‌లో రాజకీయం నడిచింది. ఒంటి మీద చెక్కిన నాలుగు అంకెల విలువ అంత. తుపాకులు గుర్తుపట్టడం పిల్లల ఆట అనేవాళ్ళకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఇంకో ఉదాహరణ దీనికి ఎదురుగా ఉంటుంది. 1979 ఫిబ్రవరి 17న చైనా సైన్యం వియత్నాం సరిహద్దు దాటింది. అటువైపు చైనా సిపాయి చేతిలో టైప్ 56. ఇటువైపు వియత్నాం మిలీషియా చేతిలో, ఏడెనిమిదేళ్ళ కిందట అదే చైనా స్నేహంగా పంపిన టైప్ 56. అదే ఉంగరం, అదే మేకు బాయినెట్. కాబట్టి తుపాకీ పుట్టిన దేశం చూసి అది మోసేవాడు ఎవరి పక్షమో చెప్పలేం. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఎవరికో ఇచ్చారని మాత్రమే చెప్పగలం. పేపర్లలో "చైనా తుపాకులు దొరికాయి, కాబట్టి చైనా హస్తం" అని రాసే వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ 1979 గుర్తొస్తుంది.

కవాతు అంటే ఎంచి చూపించేదన్న సంగతి మనకూ తెలిసిందే. 2022 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన సైన్యం ఒక పని చేసింది. ఒక్కో దళానికి ఒక్కో కాలపు యూనిఫాం తొడిగి, ఆ కాలపు రైఫిల్ చేతికిచ్చి నడిపించింది. 1947 నాటి వేషంలో రాజ్‌పుత్ రెజిమెంట్ త్రీనాట్‌త్రీతో నడిచింది. 1971 నాటి వేషంలో వచ్చిన దళం ఎస్సెల్లార్ పట్టుకుంది. తర్వాత ఇన్సాస్, చివర్న కొత్త యూనిఫాంలో పారా దళం చేతిలో టావోర్. మా బావ టీవీ ముందు కూర్చుని, ఎస్సెల్లార్ రాగానే "అదిగో, అది తుపాకీ అంటే" అన్నాడు. ఇన్సాస్ మీద ఆయన అభిప్రాయం ఇక్కడ రాయను. ఆ ఫొటో చూసి భారత సైన్యం ఇంకా త్రీనాట్‌త్రీ వాడుతోందని ఒక విదేశీయుడు రాస్తే మనం నవ్వుతాం. వియత్నాం గెరిల్లా వేషంలో నడిచిన అమ్మాయిల చేతిలో పాత రైఫిల్ చూసి, "పాపం, ఇంకా పాత తుపాకులే" అని మనం రాసినా అంతే. వాళ్ళు ధరించింది వేషం. చేతిలోది ఆ వేషానికి తగ్గది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటుంది, ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది అదే. సిపాయిలు వరసలు వరసలుగా ఎస్‌టీవీలతో నడిచేసరికి, "వియత్నాం సైన్యం మొత్తం కొత్త రైఫిల్‌కు మారిపోయింది" అని తేల్చేస్తున్నారు. కవాతుకు కావలసినన్ని వేల రైఫిళ్ళు ఉన్నాయని ఆ ఫొటో చెప్తుంది. వాటిని ముందు వరసలో నిలబెట్టేంత నమ్మకం ఉందనీ చెప్తుంది. మొత్తం సైన్యానికి ఎన్ని అందాయో చెప్పదు. అది తెలియాలంటే కవాతు ఫొటో కాదు, ఎవరూ మెరుగులు దిద్దని మామూలు ఫొటోలు వెతకాలి. జిల్లా స్థాయి మిలీషియా శిక్షణ, కొత్తగా చేరిన కుర్రాళ్ళు బురదలో పాకుతున్న ఫొటో, సరిహద్దు ఠాణా కాపలా. వాటిలో చెక్క పిడి ఏకేలు ఇప్పటికీ బోలెడన్ని కనపడతాయి. కొన్నింటి ముందు ఆ ఉంగరం కూడా ఉంటుంది. సెప్టెంబరు 2 నాటి ఫొటో పక్కన అలాంటివి నాలుగు పెట్టుకుని చూసి, ఆ తర్వాత సైన్యం ఎంత మారిందో లెక్క వేద్దాం.